ఆక్సిజన్ ఎన్ని లీటర్లు పెట్టారు?

విశాఖలో కేజీహెచ్ క్యాజువాలిటీ బయటైనా, హనుమంతవాకలో విమ్స్ గేటు దగ్గరైనా, ఆయాసపడుతున్న మనిషిని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లాక ఇంటివాళ్ల మధ్య నడిచే మాటలు రెండే. "సాచురేషన్ ఎంతుందట?" "ఎన్ని లీటర్లు పెట్టారు?" రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండిందో చెప్పే సాచురేషన్, నిమిషానికి ఇస్తున్న ఆక్సిజన్ లీటర్లు, కోవిడ్ పుణ్యమా అని ఈ రెండు అంకెలూ ఇంటింటికీ తెలిసిపోయాయి. అవి అడగొద్దని అనను. కానీ రెండింటికీ మంచి జవాబే వచ్చినా మనిషి ప్రమాదంలో ఉండొచ్చు. రెండూ భయపెట్టేలా ఉన్నా మనిషి కోలుకుంటూ ఉండొచ్చు. వాటికన్నా ముందు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. చెడింది ఊపిరితిత్తా, దాన్ని ఆడించే కండరమా? ఒక్కో శ్వాసకీ మనిషి ఎంత కష్టపడుతున్నాడు?

గొంతులోకి గొట్టం దింపి వెంటిలేటర్‌కి కలపకుండా చేసే శ్వాస చికిత్సలు చాలా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టే సన్న గొట్టాలు, మాస్కు, ముక్కులోకి వేగంగా గాలి పంపే హైఫ్లో, మాస్కులోంచి ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్, బైపాప్. పేర్లు వింటే ఒకదానికన్నా ఒకటి బలమైన మెట్లలా అనిపిస్తాయి. "మాస్కు చాలలేదట, హైఫ్లో పెట్టారట, అదీ చాలక బైపాప్‌కి వెళ్లారట" అని చెప్పుకుంటాం కూడా. నిజానికి ఇవి ఒకే మెట్ల వరస కాదు. కొందరికి బైపాప్ మొదటి అరగంటలోనే పెట్టాలి, హైఫ్లోతో కాలయాపన చేయకూడదు. ఇంకొందరికి బైపాప్ పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ. తేడా జబ్బులో ఉంది.

శ్వాస రెండు పనులు చేస్తుంది. ఆక్సిజన్‌ని రక్తంలోకి ఎక్కిస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తుంది. రెండూ ఒకేసారి చెడాలని లేదు. న్యుమోనియాలో, మనవాళ్లు నెమ్ము అనే దానిలో, గాలి గదులు కొన్ని చీముతో, నీటితో నిండిపోతాయి. ఆ గదుల పక్కనుంచి పోయే రక్తానికి ఆక్సిజన్ అందదు, అది నల్లగానే గుండెకి తిరిగొస్తుంది. మిగిలిన మంచి గదులు మాత్రం గబగబా ఆడుతూ కార్బన్ డయాక్సైడ్‌ని ఊదేస్తూనే ఉంటాయి. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసం కన్నా తగ్గితే దీన్ని మొదటి రకం శ్వాస వైఫల్యం అంటారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌లో ఇది సుమారు 90 శాతానికి సమానం.

రెండో రకంలో చెడేది పంపు. ఏళ్ల తరబడి పొగ తాగిన ఊపిరితిత్తుల్లో గాలి లోపలికి వెళ్తుంది గానీ బయటికి రావడం కష్టం. పాత గాలి ఇరుక్కుని ఛాతీ ఉబ్బిపోతుంది, డయాఫ్రం కండరం చదునై బలం కోల్పోతుంది. దానికి ఒక జలుబో, ఇన్ఫెక్షనో తోడైతే ఆ కండరం చేతులెత్తేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 45 మిల్లీమీటర్లు దాటి పేరుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారి పీహెచ్ 7.35 కన్నా కిందికి జారుతుంది. మనిషికి మొదట తలనొప్పి, చిరాకు, చేతులు వణకడం, తర్వాత మగత. "రాత్రంతా ఆయాసపడ్డాడు, ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, లేపకండి" అని ఇంటివాళ్లు ఊరట పడే ఘడియ ఒక్కోసారి అన్నిటికన్నా ప్రమాదమైన ఘడియ.

ఈ రెండో రకాన్ని పల్స్ ఆక్సీమీటర్ పట్టుకోలేదు. అది ఆక్సిజన్‌ని చూస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని చూడదు. ఆక్సిజన్ పెట్టాక సాచురేషన్ 97 చూపిస్తూనే లోపల కార్బన్ డయాక్సైడ్ 90కి ఎక్కొచ్చు. అందుకే మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీస్తారు, ఏబీజీ అంటారు. మామూలు రక్త పరీక్ష కన్నా ఇది ఎక్కువ నొప్పి పెడుతుంది. గంట తిరక్కుండా మళ్లీ తీస్తే బంధువులకు కోపం రావడం సహజం. కానీ ఏ మిషన్ పెట్టాలో, పెట్టింది పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ చిన్న సిరంజీయే.

ఇప్పుడు లీటర్ల సంగతి. మన చుట్టూ ఉన్న గాలిలో 21 శాతం ఆక్సిజన్. ముక్కు గొట్టాలతో నిమిషానికి 1 నుంచి 6 లీటర్లు ఇస్తారు. దాంతో లోపలికి పోయే ఆక్సిజన్ సుమారు 24 నుంచి 44 శాతం అని పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్క ప్రశాంతంగా కూర్చుని ఊపిరి తీసుకునే మనిషిది. అలాంటి మనిషి శ్వాస లాగే క్షణంలో గాలి వేగం నిమిషానికి 30 లీటర్ల దగ్గర ఉంటుంది. డొక్కలెగరేస్తున్న మనిషిలో అదే వేగం 60 దాటి 100 దాకా పోవచ్చు. మీరు గొట్టంలోంచి ఇచ్చేది 5 లీటర్లు, అతను లాగుతున్నది 80 లీటర్ల వేగంతో. మిగిలిందంతా ఎక్కణ్నుంచి వస్తుంది? ముక్కు పక్కల నుంచి, నోట్లోంచి, వార్డులో ఉన్న మామూలు గాలే. ఎంత ఆయాసపడితే అంత పలచబడిపోతుంది. గోడ మీటర్‌లో 5 అనే ఉంటుంది, లోపలికి వెళ్లేది మాత్రం మారిపోతుంది. కాబట్టి "5 లీటర్లు" అన్నది మిషన్ గురించిన సమాచారం. రోగి గురించి అది చెప్పేది తక్కువ.

మామూలు మాస్కు, సంచి ఉన్న నాన్ రీబ్రీదర్ మాస్కు ఈ పలచబడటాన్ని కొంత తగ్గిస్తాయి. సంచి మాస్కుకి నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు కావాలి, సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి. అది చతికిలబడి ఉంటే వెంటనే నర్సుని పిలవండి. వెంచురీ మాస్కు ఇంకో రకం. రంగురంగుల మూతులుంటాయి, ఒక్కో మూతి ఒక్కో శాతాన్ని కచ్చితంగా ఇస్తుంది, 24, 28, 35 అని. చవకైనది, తెలివైనది, సీఓపీడీ వాళ్లకి, అంటే ఏళ్ల తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకి, ఎంతో పనికొచ్చేది. దానికి రావాల్సినంత పేరు మాత్రం రాలేదు.

హైఫ్లో ఈ లెక్కనే తిరగేసింది. రోగి ఎంత వేగంతో లాగుతాడో దాదాపు అంత వేగంతోనూ మనమే పంపితే బయటి గాలి కలిసే అవసరమే ఉండదు. ముక్కులోకి నిమిషానికి 60 లీటర్ల దాకా, 21 నుంచి 100 శాతం దాకా ఏ శాతం కావాలంటే అది. మామూలు సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. దాన్ని 60 లీటర్ల వేగంతో ముక్కులోకి ఊదితే ఎవరూ పది నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. అందుకే ఈ మిషన్ గాలిని 37 డిగ్రీలకు వేడి చేసి, పూర్తిగా తేమ పట్టించి పంపుతుంది. తేమ వల్ల కళ్లె చిక్కబడదు, దగ్గితే బయటికొస్తుంది. ఆ వేగానికి ముక్కు, గొంతు భాగాల్లో నిలిచిపోయే పాత గాలి కొట్టుకుపోతుంది, ప్రతి శ్వాసా తాజా గాలితోనే మొదలవుతుంది. నోరు మూసుకుంటే కొద్దిపాటి ఒత్తిడి కూడా పుడుతుంది. అన్నిటికన్నా పెద్ద సుఖం, రోగి మాట్లాడొచ్చు, నీళ్లు తాగొచ్చు, డాక్టరు ఒప్పుకుంటే రెండు ముద్దలు తినొచ్చు.

ఇది నిజంగా ప్రాణం నిలుపుతుందా అంటే, తొలి గట్టి జవాబు 2015లో ఫ్రాన్స్, బెల్జియం ఆసుపత్రుల్లో జరిగిన ఫ్లోరాలి అధ్యయనం నుంచి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ పెరగని, ఆక్సిజన్ మాత్రమే పడిపోయిన 310 మందిని మూడు జట్లు చేశారు. గొంతులో గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లు హైఫ్లో జట్టులో 38 శాతం, మామూలు ఆక్సిజన్‌తో 47, బైపాప్ తరహా మాస్కు వెంటిలేషన్‌తో 50. గణాంకాల లెక్కలో ఈ తేడా గట్టిగా నిలబడలేదు. 90 రోజుల్లో మరణాలు మాత్రం హైఫ్లోలో 12 శాతం, మామూలు ఆక్సిజన్‌లో 23, మాస్కు వెంటిలేషన్‌లో 28. ఎక్కువ శక్తిమంతమైన మిషన్‌గా కనిపించేదే ఈ రోగుల్లో వెనకబడింది. ఊపిరితిత్తి ఇప్పటికే దెబ్బతిని ఉండగా, ఆత్రంగా లాగుతున్న మనిషికి పై నుంచి ఇంకా గాలి తోస్తే ప్రతి శ్వాసా అతిగా సాగి గాయాన్ని పెంచుతుందన్నది ఒక వివరణ.

హైఫ్లోకి ఒక ఖర్చుంది, అది ఆక్సిజనే. పెద్ద జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లుంటుంది. ముక్కు గొట్టాలతో 3 లీటర్ల చొప్పున ఇస్తే ఒకటిన్నర రోజుకి పైగా వస్తుంది. సంచి మాస్కుతో 15 లీటర్లయితే ఎనిమిది గంటల లోపు. హైఫ్లో 60 లీటర్లు, 100 శాతం మీద నడిస్తే రెండు గంటలు కూడా రాదు. అదే మిషన్‌ని 60 శాతానికి తగ్గిస్తే మిగతాది గాలి నుంచి తీసుకుంటుంది కాబట్టి సిలిండర్ నాలుగు గంటల దగ్గరకి లాగుతుంది. ఈ లెక్కలు 2021లో దేశమంతా గుండె గుభేలుమనేలా నేర్చుకుంది. విశాఖకి ఆ రోజుల్లో ఉక్కు కర్మాగారం ఉండటం ఒక ధైర్యం. ఉక్కు తయారీలో ఇనుములోని కార్బన్‌ని కాల్చేయడానికి కావాల్సిన ఆక్సిజన్‌ని అక్కడే గాలిలోంచి వేరు చేస్తారు, మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుస్తారు. ఆ ఏప్రిల్ 22న దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏడు ట్యాంకర్లు నింపుకుని బయల్దేరింది ఇక్కణ్నుంచే, మహారాష్ట్రకి. ఒక లీటరు ద్రవం సుమారు 860 లీటర్ల వాయువవుతుంది. పెద్ద ఆసుపత్రుల ఆవరణలో కనిపించే ఆ తెల్లటి నిలువు ట్యాంకు లేనిచోట పది హైఫ్లో మిషన్లు కొని పెట్టినా ఉపయోగం తక్కువ. సిలిండర్లు మార్చేవాడికి భోజనానికి కూడా తీరిక ఉండదు.

ఇక సీపాప్. న్యుమోనియాలోనో, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినప్పుడో, కొన్ని గాలి గదులు అతుక్కుపోతాయి. ఎంత శాతం ఆక్సిజన్ పంపినా మూసుకున్న గదిలోకి అది పోదు. "100 శాతం ఇస్తున్నా సాచురేషన్ ఎందుకు ఎక్కట్లేదు?" అన్నదానికి జవాబు ఇదే. కొత్త బూర ఊదేటప్పుడు మొదటి ఊపుకే బుగ్గలు నొప్పెడతాయి, ఒకసారి కాస్త ఉబ్బాక తేలిగ్గా సాగుతుంది. ప్రతిసారీ పూర్తిగా గాలి తీసేస్తే ప్రతిసారీ మొదటి కష్టమే. సీపాప్ చేసే పని, ఊపిరి వదిలాక కూడా గది పూర్తిగా మూతపడకుండా 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడిని నిలబెట్టి ఉంచడం. అది ఊపిరి తీయించదు, తెరిచి ఉంచుతుంది. తీయడం మనిషే చేయాలి.

గుండె జబ్బు వల్ల నురగ కక్కుతూ, పడుకోలేక కూర్చుండిపోయిన మనిషిలో దీని పనితనం కళ్లారా చూడొచ్చు. ఛాతీలో ఒత్తిడి పెరగడంతో గుండెకి తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గుతుంది, గుండె ఎదురీదాల్సిన బరువూ తగ్గుతుంది, గదుల్లోని నీరు వెనక్కి సర్దుకుంటుంది. మూత్రం పట్టించే ఇంజెక్షన్ పనిచేసే లోపే ఆయాసం నిమ్మళించడం మామూలే. కోవిడ్ న్యుమోనియాలో కూడా, బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన రికవరీ ఆర్‌ఎస్ అధ్యయనం సీపాప్ వైపే మొగ్గింది. గొట్టం వేయాల్సి రావడం, లేదా 30 రోజుల్లో మరణించడం, రెండూ కలిపి చూస్తే సీపాప్‌తో 36 శాతం, మామూలు ఆక్సిజన్‌తో 44. అదే అధ్యయనంలో హైఫ్లోకి, మామూలు ఆక్సిజన్‌కి తేడా కనపడలేదు. ఫ్లోరాలి ఒకటి చెబితే ఇది ఇంకొకటి చెప్పిందేంటి అని మీకు అనిపిస్తే, డాక్టర్లకీ అలాగే అనిపించింది. రోగులు వేరు, జబ్బు వేరు. మరణాన్ని ఒక్కటే తీసి చూస్తే సీపాప్‌తోనూ పెద్ద తేడా రాలేదు. ఏ మిషన్ గొప్పది అన్న వాదనకి ముగింపు లేదు గానీ, ఏ రోగికి ఏది అన్న ప్రశ్నకి జవాబులు ఇప్పుడు మెరుగ్గానే ఉన్నాయి.

మాస్కు వెంటిలేషన్ విషయంలో మాత్రం ఎక్కడా తడబాటు లేని చోటు ఒకటుంది. సీఓపీడీ. ఉత్తరాంధ్రలో ఈ జబ్బుకి సిగరెట్ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. పాడేరు, అరకు వైపు ఇళ్లలో పొయ్యి పొగ ఏళ్ల తరబడి పీల్చిన ఆడవాళ్లున్నారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంబడి ఊళ్లలో అడ్డపొగ అలవాటున్న ముసలమ్మలు ఇంకా కనిపిస్తారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి అందరూ చెబుతారు, ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగరు. "ఆవిడకి సిగరెట్ అలవాటు లేదండీ" అని కొడుకు చెబితే అది నిజమే. డాక్టరు చుట్ట గురించి అడిగితేనే అసలు సంగతి బయటపడేది.

ఈ రోగికి బైపాప్ ఎందుకు పనిచేస్తుందంటే, అది రెండు ఒత్తిళ్లు ఇస్తుంది. ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ, 10 నుంచి 20 సెంటీమీటర్ల దాకా. వదిలేటప్పుడు తక్కువ, 4 లేదా 5. రోగి శ్వాస మొదలుపెట్టగానే మిషన్ పసిగట్టి తోడుగా తోస్తుంది. అలసిపోయిన కండరానికి విశ్రాంతి దొరుకుతుంది, ఒక్కో శ్వాసలో ఎక్కువ గాలి కదులుతుంది, కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది. 1995లో యూరప్‌లోని ఐదు ఆసుపత్రుల్లో సీఓపీడీ ముదిరి వచ్చిన 85 మంది మీద చేసిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో 74 శాతం మందికి గొట్టం వేయాల్సి వచ్చింది, మాస్కు వెంటిలేషన్‌తో 26 శాతం మందికే. ఆసుపత్రిలో మరణాలు 29 నుంచి 9 శాతానికి తగ్గాయి. వైద్యంలో ఇంత తేడా చూపించేవి చాలా తక్కువ. ఆ అధ్యయనం వచ్చి మూడు దశాబ్దాలైంది, బైపాప్ మిషన్ ఐసీయూ వెంటిలేటర్‌తో పోలిస్తే చవక. అయినా చాలా చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో అది ఉండదు, ఉన్నా నడిపేవాళ్లుండరు. ఇది నాకు మింగుడుపడని విషయం.

సీఓపీడీ రోగికి ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే ప్రమాదం. ఇది వింటే బంధువులకి కోపం వస్తుంది, "ఆయాసంతో చచ్చిపోతుంటే ఆక్సిజన్ తగ్గిస్తారేంటి?" అని. కారణం ఇది. ఊపిరితిత్తిలో గాలి సరిగా అందని భాగాలకి రక్తం పోకుండా శరీరమే ఆ రక్తనాళాలని బిగించి పెట్టుకుంటుంది. ఆక్సిజన్ దండిగా వస్తే ఆ బిగింపు సడలిపోతుంది, రక్తం పనికిరాని భాగాలకి మళ్లుతుంది. పైగా ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది. శ్వాస తీయాలన్న తపన కూడా కొంత మందగిస్తుంది. మూడూ కలిసి కార్బన్ డయాక్సైడ్‌ని ఎగదోస్తాయి. 2010లో వచ్చిన టాస్మానియా అధ్యయనంలో అంబులెన్సుల్లోనే ఈ తేడా చూశారు. ఆయాసంతో ఉన్న 405 మందిలో, సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఆక్సిజన్ ఇచ్చిన జట్టులో 4 శాతం చనిపోయారు, ఎక్కువ ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన జట్టులో 9 శాతం. అందుకే ఈ జబ్బున్నవాళ్లకి లక్ష్యం 88 నుంచి 92. మిగతావాళ్లలో చాలామందికి 94 నుంచి 98. మానిటర్ మీద 90 చూసి నర్సు నిబ్బరంగా కూర్చుంటే అది నిర్లక్ష్యం కాకపోవచ్చు. అలాగని ఆక్సిజన్ 80కి పడిపోయిన మనిషికి కార్బన్ డయాక్సైడ్ భయంతో ఆక్సిజన్ ఇవ్వకుండా ఉండటం ఇంకా పెద్ద తప్పు.

మాస్కు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బైపాప్ చాలాసార్లు ఓడిపోయేది మాస్కు దగ్గరే. ముఖానికి గట్టిగా పట్టే మాస్కు, మీదనుంచి హోరుమని గాలి. ఊపిరి ఆడని మనిషికి ముఖం మూసేస్తే ఏమనిపిస్తుందో ఊహించుకోండి. లాగేస్తాడు. బలవంతంగా బెల్టులు బిగించి, చేతులు కట్టేస్తే ఇంకా పెనుగులాడతాడు, ఆక్సిజన్ ఖర్చు ఇంకా పెరుగుతుంది. అనుభవమున్న సిస్టర్ మొదట బెల్టులు కట్టకుండా మాస్కుని చేత్తో పట్టుకుంటుంది. తక్కువ ఒత్తిడితో మొదలుపెడుతుంది, రోగి చేత్తోనే పట్టుకోనిస్తుంది, "గాలి వస్తుంది, దానితోపాటే పీల్చండి బాబాయ్" అని చెవి దగ్గర చెబుతూ ఉంటుంది. ఆ మొదటి పది నిమిషాల ఓపిక తర్వాతి రెండు రోజులు నిర్ణయిస్తుంది. గడ్డం, మీసం గుబురుగా ఉన్నా, కట్టుడు పళ్లు తీసేసి బుగ్గలు లోపలికి పోయినా గాలి లీకవుతుంది. పళ్ల సెట్టు తీసేయకుండా ఉంచొచ్చా అని అడగండి, ఒక్కోసారి అదే లీకుని ఆపుతుంది. ముక్కు దూలం మీద పుండు పడకుండా మెత్తటి ప్యాడ్ అడగండి. కళ్లలోకి గాలి కొట్టకుండా చూడండి.

ఇంటివాళ్లు ప్రేమతో చేసే ఒక పని మాత్రం చేయకూడదు. సిస్టర్ అటు వెళ్లగానే మాస్కు పక్కకి జరిపి ఇడ్లీ తినిపించడం. ఒత్తిడితో గాలి పోతున్నప్పుడు కొంత పొట్టలోకీ పోతుంది, పొట్ట ఉబ్బి ఉంటుంది. తిన్నది వాంతయితే మాస్కు లోపలే ఇరుక్కుని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎప్పుడు తినిపించాలో, ఎంతసేపు మాస్కు తీయొచ్చో అడిగే చేయాలి. ఆగని వాంతులు, ముఖానికి గాయాలు, బీపీ పడిపోవడం, దగ్గలేనంత మగత, గొంతు నిండా కళ్లె ఉంటే అసలు మాస్కే సరైన దారి కాదు. కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చిన మగతకి ఒక మినహాయింపు ఉంది. దగ్గరుండి కనిపెట్టుకునే ఏర్పాటుంటే గంట, రెండు గంటలు బైపాప్‌తో ప్రయత్నించి చూస్తారు, తరచు మనిషి లేచి కూర్చుంటాడు.

మెలకువగా ఉన్న రోగిని బోర్లా పడుకోబెట్టడం కోవిడ్‌లో అందరూ విన్నదే. ఆరు దేశాల్లో 1,126 మంది హైఫ్లో మీదున్న రోగులని కలిపి చూసిన అధ్యయనంలో గొట్టం గానీ మరణం గానీ 46 శాతం నుంచి 40కి తగ్గింది. ఖర్చు లేని పని. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లకి కష్టమే.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన విషయం, ఎప్పుడు ఆపాలి. మొదలుపెట్టడం తేలిక. గొట్టం వేయకుండా నెట్టుకొస్తున్నాం అన్న సంతోషంలో వేయాల్సిన సమయం దాటిపోవడం ఈ చికిత్సల్లో ఉన్న అసలు ప్రమాదం. కొరియాలో 2015లో వచ్చిన ఒక పరిశీలన, హైఫ్లో విఫలమై చివరికి గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లని వెనక్కి తిరిగి చూసింది. 48 గంటల లోపు వేసినవాళ్లలో 39 శాతం ఐసీయూలో చనిపోయారు, ఆ తర్వాత వేసినవాళ్లలో 67 శాతం. ఆలస్యమే చంపిందని ఆ ఒక్క పరిశీలనతో తేల్చలేం, కానీ ఆ అంకె చూశాక ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు. రోజుల తరబడి బలంగా లాగే శ్వాసే ఊపిరితిత్తిని ఇంకా గాయపరుస్తుందన్న ఆలోచన కూడా ఇప్పుడు బలపడింది.

దీనికి వాడే ఒక లెక్క చాలా సులువైనది, రాక్స్ ఇండెక్స్. సాచురేషన్‌ని ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో (60 శాతమైతే 0.6తో) భాగించి, వచ్చినదాన్ని నిమిషానికి శ్వాసల సంఖ్యతో భాగించాలి. న్యుమోనియాతో హైఫ్లో మీదున్నవాళ్లలో ఇది 4.88, అంతకన్నా పైనుంటే చాలావరకు గండం గడిచే అవకాశం ఎక్కువ. 12 గంటలకి 3.85 కన్నా కిందుంటే గొట్టం గురించి గట్టిగా ఆలోచించాలి. పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారనుకుందాం. ఒకరికి సాచురేషన్ 96, ఆక్సిజన్ 60 శాతం, శ్వాసలు 24. లెక్క 6.7. ఇంకొకరికి సాచురేషన్ 94, ఆక్సిజన్ 90 శాతం, శ్వాసలు 36. లెక్క 2.9. బయట కూర్చున్నవాళ్లకి చేరే కబురు ఒకరికి 96, ఇంకొకరికి 94 అని. రెండు పాయింట్లే తేడా, ఇద్దరూ బాగున్నట్టే. నిజానికి రెండో మనిషి కొండ అంచున ఉన్నాడు.

కాబట్టి రౌండ్స్ అయ్యాక డాక్టరుని ఒక్క నిమిషం పట్టుకోగలిగితే సాచురేషన్ గురించి కాకుండా శ్వాసలెన్ని, ఆక్సిజన్ ఎంత శాతం, నిన్నటికీ ఇవాళ్టికీ ఆ రెండూ ఎటు కదిలాయి అని అడగండి. కార్బన్ డయాక్సైడ్, పీహెచ్ ఎంత అని అడగండి. మాస్కుతో కుదరకపోతే గొట్టం వేస్తారా, వేయొద్దా అన్న మాట కూడా అప్పుడే రావాలి. అర్ధరాత్రి రెండింటికి సంతకం పెట్టమంటే ఎవరూ సరిగా ఆలోచించలేరు. బాగా ముదిరిన జబ్బుతో, గొట్టం వద్దని ముందే చెప్పిన పెద్దవాళ్లకి బైపాపే చివరి చికిత్స అవుతుంది. ఆయాసం తగ్గించడానికి అదీ మంచి ఉపయోగమే. "వెంటిలేటర్ పెడితే తిరిగిరారు" అన్న మాట మనలో బాగా పాతుకుపోయింది. గొట్టం ఆలస్యంగా వేస్తే ఆ మాట తనంతట తానే నిజమవుతుంది కదా.

పాడేరు నుంచి విశాఖకి ఘాట్ దిగి రావాలంటే సుమారు 110 కిలోమీటర్లు. 108లో ఉండేది పరిమితమైన ఆక్సిజన్. హైఫ్లో దారిలో నడవదు. సీఓపీడీ ఉన్న మనిషికి దారంతా సంచి మాస్కుతో 15 లీటర్లు పెట్టి తీసుకొస్తే ఇక్కడికొచ్చేసరికి మగతలో ఉండొచ్చు. దారిలో మాటిమాటికీ పలకరించడం, పలకకపోతే అంబులెన్సులో ఉన్న టెక్నీషియన్‌కి వెంటనే చెప్పడం ఇంటివాళ్లు చేయగలిగిన పెద్ద సాయం. బ్రిటన్‌లో ఒకసారి కార్బన్ డయాక్సైడ్ పెరిగి కోలుకున్నవాళ్లకి ఆక్సిజన్ అలర్ట్ కార్డు అని చిన్న అట్టముక్క ఇస్తారు, ఈ మనిషికి సాచురేషన్ 88 నుంచి 92 చాలు అని రాసి. మన దగ్గర అలాంటి కార్డు ఇవ్వకపోతే, చినవాల్తేరు చెస్ట్ హాస్పిటల్ నుంచో ఇంకెక్కణ్నుంచో డిశ్చార్జ్ అయ్యే రోజున ఆ ఒక్క వాక్యాన్ని డాక్టరు చేత డిశ్చార్జ్ కాగితం మీద పైనే పెద్ద అక్షరాలతో రాయించుకోండి. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, ఒక జిరాక్స్‌ని ఇన్‌హేలర్ ఉండే సంచిలో వేయండి. ఇంట్లో ఉండే కోడలికో, పక్కింటివాళ్లకో ఆ సంచి ఎక్కడుందో చెప్పండి.